పంచ్ పడింది, ఆఫీసుకు చేరలేదు

వేలు పెట్టగానే పచ్చ లైటు వెలిగింది. ‘థాంక్యూ’ అని కూడా వినిపించింది. నెలాఖరున జీతం లెక్కలో మాత్రం ఆ రోజు గైర్హాజరు కింద పడింది. ఇలాంటప్పుడు చాలాచోట్ల ముందు మనిషినే అనుమానిస్తారు. ఈ హాజరు యంత్రం ఎలా పుట్టిందో, లోపల ఏం చేస్తుందో తెలిస్తే ఆ అనుమానం ఎంత అన్యాయమో అర్థమవుతుంది.

1888లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం, ఆబర్న్ పట్టణంలో నగల వ్యాపారి విల్లార్డ్ బండీ ఒక గడియారం తయారుచేశాడు. ఒక్కో కార్మికుడికి ఒక్కో నంబరున్న తాళంచెవి ఇచ్చేవారు. దాన్ని గడియారంలో పెట్టి తిప్పితే ఆ నంబరూ, వేళా కాగితపు పట్టీ మీద అచ్చయ్యేవి. 1894లో రాచెస్టర్‌కు చెందిన డేనియల్ కూపర్ ఎవరి కార్డు మీద వారి వేళ ముద్రపడే యంత్రం తెచ్చాడు. ఇలాంటి గడియారాల కంపెనీలు క్రమంగా ఒకటై, 1911లో మరో రెండు కంపెనీలతో కలిశాయి. 1924లో ఐబీఎం అని పేరు మార్చుకున్నది ఆ ఉమ్మడి సంస్థే.

ఆ రోజుల్లో పట్టీనో కార్డులనో గుమాస్తా చేత్తో పట్టుకెళ్లి జీతాలు లెక్కకట్టేవాడు. 1979లో క్రోనోస్ కంపెనీ మైక్రోప్రాసెసర్‌తో నడిచే గడియారం తెచ్చింది. ఆ తర్వాత క్రమంగా గుమాస్తా నడిచిన దారిలోకి కేబుల్ వచ్చింది. ఇప్పటి యంత్రం మనిషిని గుర్తుపడుతుంది, వేళతో సహా తన మెమరీలో రాసుకుంటుంది, ఆ రాతను సర్వర్‌కు పంపుతుంది. తెర మీద ‘ఆఫ్‌లైన్’ అని వస్తే సాధారణంగా ఆగింది చివరి పని ఒక్కటే. పంచ్‌లు లోపల భద్రంగానే ఉంటాయి. ఆధార్‌తో నడిచే ప్రభుత్వ హాజరు సంగతి వేరు. అక్కడ వేలిముద్రను సరిచూసేదే దూరాన ఉన్న సర్వర్ కాబట్టి, నెట్‌వర్క్ పోతే హాజరే పడదు.

మామూలు యంత్రంలో పంచ్‌లు లోపలే ఉంటాయి కాబట్టి, ఆఫ్‌లైన్ కనిపించగానే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టకూడదు. పదిమంది కష్టం అందులో ఉంది, అది చెరిగిపోవచ్చు. ముందు లాగ్‌ను పెన్‌డ్రైవ్‌లోకి దించుకోవాలి.

ఆ తర్వాత వెతుకులాట కేబుల్ దగ్గర మొదలుపెట్టాలి. ప్లగ్గుకుండే చిన్న ప్లాస్టిక్ నాలుక విరిగితే, పక్క తలుపు ధడేలున పడ్డప్పుడల్లా అది కాస్త కాస్త వదులవుతుంది. నెట్‌వర్క్ స్విచ్ దగ్గర ఆ కేబుల్ పెట్టిన పోర్టు లైటు వెలగకపోతే సెట్టింగులు ఎంత మార్చినా వృథా. మామూలు రాగి ఈథర్నెట్ కేబుల్ హద్దు 100 మీటర్లు. గేటు దగ్గరి యంత్రం ఆఫీసుకు అంతకంటే దూరంగా ఉంటే మధ్యలో ఇంకో స్విచ్ పెట్టాల్సిందే.

లైటు వెలుగుతుంటే ఐపీ అడ్రస్ చూడాలి. అది 169.254తో మొదలైందంటే, యంత్రం అడ్రస్ అడిగినా రౌటర్ నుంచి జవాబు రాలేదన్నమాట. యంత్రం తనకు తానే ఒకటి పెట్టేసుకుంది. రౌటర్ మార్చాక కనెక్షన్ పోయిందా? యంత్రంలో 192.168.1 వరుస అడ్రస్ స్థిరంగా ఉండి, కొత్త రౌటర్ 192.168.0 వరుసలో నడుస్తూ ఉండొచ్చు.

నాకు బాగా నచ్చిన పరీక్ష ఒకటుంది. కనెక్షన్ వస్తూ పోతూ ఉంటే, యంత్రం కేబుల్ పీకేసి ఆఫీసు కంప్యూటర్ నుంచి ఆ అడ్రస్‌కు పింగ్ కొట్టాలి. అప్పుడూ జవాబు వస్తోందంటే ఆ అడ్రస్‌ను ప్రింటరో, ఎవరి ఫోనో వాడుకుంటోంది. దొంగ దొరికినట్టే. యంత్రానికి రౌటర్‌లో అడ్రస్ విడిగా కేటాయిస్తే ఆ పోటీ ఉండదు.

పింగ్ బాగానే వెళ్తున్నా సాఫ్ట్‌వేర్‌కు యంత్రం అందకపోతే ఫైర్‌వాల్ చూడాలి. మన దగ్గర కనిపించే చాలా యంత్రాలు 4370 పోర్టులో మాట్లాడతాయి, అది మూసి ఉండొచ్చు. లేదా సర్వర్ అడ్రస్ మారినా యంత్రంలో పాతదే ఉండిపోయి ఉంటుంది.

కనెక్షన్ తిరిగొచ్చాక ఒక్కసారి యంత్రం తెర మీది తేదీ చూడండి. లోపలి బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయొచ్చాక గడియారం ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది. అప్పుడు పడ్డ పంచ్‌లు సర్వర్‌కు చేరినా ఆ పాత తేదీల కింద చేరతాయి. ఈ నెల రిపోర్టులో కనిపించని హాజరును ఆ తేదీల్లోనూ వెతకాలి, జీతం కోయకముందే.