గోడెక్కిన మిద్దె దూలం

అనంతపురం వైపు పల్లెల్లో పాత మిద్దె పడగొట్టి స్లాబు ఇల్లు కట్టేటప్పుడు మట్టికుప్పలోంచి కొయ్య చాలానే బయటపడుతుంది. దూలాలు, వాటి మీద పరిచిన దంతెలు, గడపలు, తలుపు రెక్కలు. బాగున్న దూలం అడితికి పోతుంది, ముక్కాచెక్కా నీళ్ల పొయ్యిలోకి పోతుంది. నా మటుకు నాకు ఆ పొయ్యిలోకి పోయేదే గోడకు పనికొచ్చే సరుకు. సామిల్లులో అంగుళం మందాన కోయించి, చిత్రిక పట్టించి హాల్లో ఒక గోడకు బిగిస్తే, కొత్త చెక్కకు రాని రంగూ గీతలూ కనిపిస్తాయి. ఆ కొయ్య ఇన్నేళ్లు నిలిచిందన్నా, రేపు గోడ మీద వంకరపోయిందన్నా కారణం ఒకటే: ఇక్కడి పొడిగాలి.

అనంతపురంలో ఏటా కురిసేది సగటున 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలావరకు ఖాళీ అయి వస్తాయి. ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరం దాటి ఇంత లోపలికి వచ్చేసరికి నీరసిస్తాయి. కొయ్యను కుళ్లబెట్టే బూజుకు అందులో కనీసం 20 శాతం తేమ ఉండాలి, అంటే వంద గ్రాముల ఎండు కొయ్యకు ఇరవై గ్రాముల నీరు. నీడపట్టున ఉన్న కొయ్యకు ఈ సీమలో అంత తేమ దొరకడం అరుదు. దానికి తోడు మిద్దె మీద పరిచే చవుడు మన్ను. సోడియం ఎక్కువున్న ఆ మట్టి, వాన తగలగానే సన్నటి రేణువులుగా విడిపోయి సందులన్నీ పూడ్చేస్తుంది, నీరు కిందికి దిగదు. పంటకు పనికిరాని మన్నుతో ఇల్లు కాపాడుకున్నారు మన పెద్దలు!

దూలం చెడితే ముందు చెడేది గోడలో దాగిన కొస. మట్టిగోడ తేమంతా దానికే అంటుతుంది. ఆ కొసను బాడిశ వెనకతో తట్టి చూడండి. డొల్లగా మోగినా, గోరుతో గిల్లితే గోధుమరంగు ముక్కలుగా పొడిపొడిగా రాలినా, గట్టి కొయ్య తగిలేదాకా కోసి పారేయాల్సిందే.

ఎండు కొయ్యలో నీరుండదనుకుంటాం. ఉంటుంది, చుట్టూ ఉన్న గాలిని బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. గాలిలో తేమ 30 శాతం ఉంటే కొయ్య 6 శాతం దగ్గర కుదురుకుంటుంది. వానల రోజుల్లో గాలి తేమ 70 శాతానికి చేరి అలాగే కొన్ని వారాలు నిలిస్తే, అదే కొయ్య 13 శాతం దాకా తాగుతుంది. ఎనభై ఏళ్ల దూలమైనా ఈ అలవాటు మానదు. పాత కొయ్య ఇక కదలదని వడ్రంగులు కూడా అంటుంటారు గానీ అది పూర్తిగా నిజం కాదు. నడిమధ్య దాకా ఎండి ఉంటుంది కాబట్టి పచ్చికొయ్యలా బీటలు వారదు, అంతవరకే.

ఇక్కడొక చిత్రముంది. కొయ్య అంటే జొన్నదంట్ల మోపులాంటిది: సన్నటి గొట్టాలన్నీ ఒకే దిక్కుకు పేర్చి ఉంటాయి. నీరు చేరేది ఆ గొట్టాల గోడల్లోకి. అందుకే కొయ్య పక్కలకు ఉబ్బుతుంది, పొడవు మాత్రం దాదాపు మారదు. పక్కలకైనా అన్ని వైపులా ఒకేలా కాదు. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి వలయాల వెంట 5.8 శాతం కుంచించుకుంటుంది, వలయాలకు అడ్డంగా అయితే 2.5 శాతమే. నిజానికి కదలిక తక్కువున్న కొయ్యల్లో టేకు ఒకటి. లెక్క వేసి చూడండి. ఆరంగుళాల టేకు పలక ఎండాకాలానికీ వానాకాలానికీ మధ్య సుమారు 2 మిల్లీమీటర్లు మారుతుంది. అలాంటివి పది ఆనించి బిగిస్తే ఐదడుగుల గోడ మీద 20 మిల్లీమీటర్లు. ఆ ఉబ్బుకు చోటు దొరక్కపోతే పలకలు పొట్టలా ముందుకొస్తాయి, మేకులు ఊడతాయి.

కాబట్టి వెడల్పు పలకల మోజు వదులుకోవాలి. మూడు నాలుగు అంగుళాలు చాలు. మే నెలలో బిగిస్తే పలకకూ పలకకూ నడుమ రూపాయి బిళ్ల పట్టేంత సందు వదలండి. వానల్లో బిగిస్తే ఆనించి పెట్టినా పర్వాలేదు, ఉగాది నాటికి సందు అదే వస్తుంది. గోడకు నేరుగా అంటించకుండా ముందు రీపర్లు కొట్టి, వాటి మీద పలకకు నడుమ ఒక్కో స్క్రూ వేస్తే రెండు అంచులకూ కదిలే వీలుంటుంది. వెనక గాలి ఆడితే పలక రెండు ముఖాలూ ఒకేలా ఆరతాయి, దోనెలా వంగదు. పడమటి గోడ వేడి కూడా కాస్త తగ్గుతుంది గానీ ఫ్యాను కట్టేసేంత కాదు.

ఇక పురుగు. కోసిన పలకలో నడుమ ముదురు రంగున్నది చేవ, అంచున పాలిపోయినది రసదారువు. పిండిపదార్థమంతా ఆ అంచులోనే ఉంటుంది. పుచ్చుపురుగు గుడ్లు పెట్టేదీ అక్కడే. టేకు చేవలో క్వినోన్లనే రసాయనాలు ఉంటాయి కాబట్టి చెదలు దాని జోలికి అంతగా రావు, కానీ టేకైనా అంచు చెక్కకు ఆ రక్షణ లేదు. గుండుసూది తలంత చిల్లులు కనిపిస్తే పలకను కాగితం మీద వారం ఉంచండి. కొత్తగా పొడి రాలితే పురుగు లోపలే ఉందన్నమాట.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది తుమ్మ. విరిగిన బండిచక్రం ముక్కను కోసి చూస్తే, ఇనుప పట్టా ఆనిన చోట సిరా ఒలికినట్టు నలుపు ఉంటుంది. తుమ్మలో టానిన్లు మెండు, తోళ్లు పదును చేయడానికి దాని బెరడు వాడేది అందుకే. టానిన్ ఇనుముతో కలిస్తే నల్లబడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు పుట్టేది ఈ రసాయనంతోనే. తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో పులియబెట్టి, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఆ నీళ్లతో గీస్తారు. తుమ్మ పలకకు కరక్కాయ కూడా అక్కర్లేదు. ఆ నీళ్లు పూస్తే చాలు, పెయింటు డబ్బా లేకుండానే నల్లబడుతుంది.

మిద్దె కొయ్య దొరకనివాళ్లు ప్యాకింగ్ పెట్టెల చెక్క కొంటారు. విదేశీ సరుకుతో వచ్చిన పెట్టె మీద గోధుమ కంకి ముద్ర ఉంటుంది. దాని పక్కన 'హెచ్.టి.' అని ఉంటే నడిభాగం దాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచారని అర్థం, ధైర్యంగా వాడవచ్చు. 'ఎం.బి.' అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పట్టించారని. అది ఇంట్లోకి వద్దు.

రంగు వేసిన పాత తలుపుల విషయంలో మాత్రం జాగ్రత్త. మన దేశంలో ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకు ముందటి ఆయిల్ పెయింట్‌లో ఎంత సీసం ఉందో చూపుకు తెలియదు. గరుకు కాగితంతో రుద్దితే లేచే దుమ్ము పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. అలాంటి తలుపును గీకకండి, కోయించకండి, పొయ్యిలోనూ పెట్టకండి.