వేగాన్ని వదిలేసి ఒత్తిడిని పట్టుకున్న గవర్నర్

హైదరాబాద్ మాదాపూర్‌లో ప్లాంట్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ రాసే కుర్రాళ్లకు అప్పుడప్పుడు పాఠం చెబుతుంటాను. వాళ్లలో ఒకడు అడిగాడు: "సెన్సర్ లేదు, కరెంటు లేదు, కోడ్ లేదు. నీళ్ల ఒత్తిడి తగ్గిందని పాత ఆవిరి పంపుకు ఎలా తెలిసేది సార్?"

"వాట్ గవర్నర్ ఉంటుంది కదా," అన్నాడు పక్కవాడు. ఉండదు. తిరిగే షాఫ్టుకు గుండ్లు వేలాడదీసి వేగాన్ని అదుపు చేసే పరికరం అది. ఆ పంపులో దాన్ని తగిలించే చోటే లేదు.

నేను చెప్పేది డైరెక్ట్ యాక్టింగ్ పంపు. అందులో ఒకే కడ్డీకి ఒక చివర ఆవిరి పిస్టన్, రెండో చివర నీళ్ల పిస్టన్ ఉంటాయి. ముందుకీ వెనక్కీ జరగడమే తప్ప గిరగిరా తిరిగేది ఏదీ అందులో లేదు. షాఫ్టే లేనప్పుడు గుండ్లు దేనికి వేలాడదీస్తాం? హెన్రీ వర్తింగ్టన్ పేరుతో ప్రసిద్ధికెక్కిన డ్యూప్లెక్స్ పంపులో ఇలాంటివి రెండు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని కడ్డీ రెండోదాని ఆవిరి వాల్వును జరుపుతుంది.

చోటు సంగతి అలా ఉంచండి, వాట్ గవర్నర్ ఇక్కడ పనికీ రాదు. అది వేగాన్ని నిలబెడుతుంది. మరమగ్గం నడిపేవాడికి వేగం కావాలి. ఊరికి నీళ్లిచ్చేవాడికి వేగంతో పనేముంది? నాలుగు కుళాయిలు విప్పినా నలభై విప్పినా గొట్టంలో ఒత్తిడి ఒకేలా ఉండాలి. అందుకోసం పంపు పరుగెత్తనీ, నత్తలా నడవనీ, పూర్తిగా ఆగిపోనీ, అతనికి ఒకటే.

అమెరికాలో అయోవా రాష్ట్రంలోని మార్షల్‌టౌన్ వాటర్ వర్క్స్‌లో విలియం ఫిషర్ అనే ఇంజనీరు ఉండేవాడు. ఊళ్లో మంటలు చెలరేగిన ఒక రాత్రి తెల్లవార్లూ ఆవిరి వాల్వు దగ్గరే నిలబడి, చేత్తో తిప్పుతూ నీళ్ల ఒత్తిడిని కాపాడాడట. 1880లో అతను తెచ్చిన పంపు గవర్నర్ ఆ చేతి పనికి ప్రత్యామ్నాయం.

ఆ గవర్నర్ ఏర్పాటు ఇదీ: పంపులోకి వెళ్లే ఆవిరి గొట్టంలో ఒక వాల్వు. దాని స్పిండిల్ పైకి సాగి ఒక డయాఫ్రమ్‌కో చిన్న పిస్టన్‌కో అంటుకుని ఉంటుంది. పంపు వదిలే నీళ్ల నుంచి సన్నటి గొట్టం ఒకటి వచ్చి ఆ డయాఫ్రమ్‌ను ఒక పక్క నొక్కుతుంటే, రెండో పక్క నుంచి స్ప్రింగు నొక్కుతుంది. నీళ్ల ఒత్తిడి పెరిగితే స్ప్రింగు లొంగిపోయి వాల్వు మూసుకుంటూ వస్తుంది, పంపు నెమ్మదిస్తుంది. తగ్గితే స్ప్రింగు గెలుస్తుంది. ఎంత ఒత్తిడి కావాలో స్ప్రింగు మీది స్క్రూ చెబుతుంది. కుర్రాళ్ల భాషలో అదే సెట్ పాయింట్.

ఇందులో నాకు మహా ఇష్టమైనది వాల్వు లోపలి ఏర్పాటు. ఒకే బిళ్ల ఉంటే ఆవిరి దాన్ని బలంగా తోసేస్తుంది, పాపం డయాఫ్రమ్‌కు ఆ బలం చాలదు. అందుకని ఒకే స్పిండిల్‌కు రెండు బిళ్లలు, రెండు సీట్లు. ఆవిరి మధ్యలోకి వచ్చి ఒక బిళ్లను పైకి, రెండోదాన్ని కిందికి తోస్తుంది. కావడిలో రెండు బిందెలు ఒకదాన్నొకటి తూచుకున్నట్టు ఆ రెండు తోపులూ దాదాపు చెల్లిపోతాయి. 'దాదాపు' అన్నానంటే కారణం ఉంది. బిగించేటప్పుడు కింది బిళ్ల పై సీటులోంచి దూరాలి, కాబట్టి అది కాస్త చిన్నదిగానే ఉండాలి.

ఇన్ని లాభాలకూ ఒక మూల్యం ఉంది. రెండు సీట్లూ ఒకేసారి బిగువుగా మూసుకోవడం కష్టం. వేడెక్కితే స్పిండిల్, బాడీ ఒకేలా సాగవు. ఎప్పుడూ రవ్వంత ఆవిరి కారుతూనే ఉంటుంది. సన్నటి సందులోంచి దూసుకుపోయే ఆవిరి క్రమంగా సీటును గాడి పడేలా కోసేస్తుంది కూడా. ఆవిరి పిస్టన్ వ్యాసం నీళ్ల పిస్టన్‌కు రెట్టింపైతే వైశాల్యం నాలుగు రెట్లు. రాపిడిని పక్కన పెడితే చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఆవిరి, నీళ్లను 20 కిలోల దాకా నొక్కగలదు. అంటే బయట కుళాయిలన్నీ కట్టేసినా, కారే ఆ కాస్త ఆవిరితోనే లోపల నీళ్ల ఒత్తిడి మెల్లగా ఎగబాకుతుంది. నీళ్ల వైపు రిలీఫ్ వాల్వు తప్పనిసరి అయ్యేది అందుకే.

నడిపేవాడికి మొదటి పని ఆవిరి వదలడం కాదు, డ్రెయిన్లు తెరవడం. గొట్టంలో నిలిచిన నీళ్లను ఆవిరి ఎగరేసి కొడితే ఆ దెబ్బ వాల్వు మీదే పడుతుంది. స్క్రూను పంపు నడుస్తుండగా పావు చుట్టు తిప్పి, గేజి కుదురుకునేదాకా చూసి, అప్పుడు ఇంకో పావు చుట్టు తిప్పాలి. సన్నగొట్టం మీది నీడిల్ వాల్వు ఎక్కువ తెరిస్తే పంపు కొట్టే ప్రతి స్ట్రోకుకూ స్పిండిల్ టకటకలాడుతుంది. మరీ బిగిస్తే కబురు ఆలస్యంగా అంది, పంపు ఒకసారి ఉరికి, ఒకసారి చతికిలబడుతుంది. స్పిండిల్ చుట్టూ ఆవిరి కారుతోందని అక్కడి గ్లాండ్ నట్టును బలంగా బిగించినా అదే జబ్బు. స్పిండిల్ పట్టేసి, ఒత్తిడి బాగా మారాక ఒక్కసారిగా జారుతుంది. గ్లాండ్ దగ్గర చిన్న కారుదలకు కంగారు పడి బిగించేవాళ్లే ఎక్కువ గవర్నర్లను చెడగొడతారని నా అనుమానం.

తరవాతి కథ తొందరగా చెప్పేయొచ్చు. పంపును ఆవిరి టర్బైన్ తిప్పడం మొదలయ్యాక షాఫ్టు వచ్చింది, దానితో వేగ గవర్నర్ కూడా వచ్చింది. పాత ప్రత్యర్థులు రాజీపడ్డారు: ఒత్తిడి చూసేది ఎంత వేగం కావాలో చెబుతుంది, వేగం చూసేది ఆ మాట నిలబెడుతుంది. లింగంపల్లి అవతల రామచంద్రపురం బీహెచ్‌ఈఎల్‌లో ఆవిరి టర్బైన్లూ చేస్తారు, పంపులూ చేస్తారు. అక్కడివాళ్లకు ఈ రాజీ కొత్త కాదు.

గచ్చిబౌలి టవర్ల సెల్లార్లలో బూస్టర్ పంపులకు ఇప్పుడు మోటారు వేగాన్ని మార్చే వీఎఫ్‌డీలు. డయాఫ్రమ్ బదులు 4 నుంచి 20 మిల్లీయాంపుల సిగ్నలు పంపే ట్రాన్స్‌మిటర్ ఉంటుంది. సున్నా నుంచి కాక 4 నుంచి మొదలవడం వల్ల తీగ తెగితే వెంటనే తెలిసిపోతుంది. పట్టుకునేది ఒత్తిడిని, వదిలేసేది వేగాన్ని. ఫిషర్ లెక్కే.

అయితే ఎత్తుతో ఇంకో చిక్కు. ప్రతి 10 మీటర్లకు నీళ్ల ఒత్తిడి కిలో చొప్పున పెరుగుతుంది. 120 మీటర్ల టవరు మీది ట్యాంకు నుంచి నేరుగా దిగే గొట్టంలో అడుగున 12 కిలోల ఒత్తిడి ఉంటుంది. ఆ ధాటికి ఇంట్లో ఫిట్టింగులు నిలవవు. కాబట్టి కింది అంతస్తుల డక్టుల్లో ఒత్తిడి తగ్గించే పీఆర్‌వీలు పెడతారు. వాటిలో మళ్లీ అవే స్ప్రింగు, డయాఫ్రమ్, స్క్రూ. కరెంటు అక్కర్లేదు. కొత్త టవర్లో పీఆర్‌వీ మొరాయిస్తే స్క్రూ జోలికి వెళ్లకుండా ముందు స్ట్రైనర్ విప్పి చూడాలి. ప్లంబర్లు వదిలేసిన టెఫ్లాన్ టేపు పీలికలు, సిమెంటు నలుసులు అక్కడే దొరుకుతాయి.