సంచి కుర్రాడి చేతిలో, సొమ్ము ముఠా జేబులో

సూళ్లూరుపేట: రానూపోనూ చార్జీలు, దారిలో భోజనం, తిరిగొచ్చాక చేతిలో కొన్ని నోట్లు. చేయవలసిందల్లా ఒక సంచిని చెన్నైదాకా తీసుకుపోయి దించి రావడమే. గంజాయి ముఠాలు పల్లె కుర్రాళ్లకు వేసే ఎర ఇది. పట్టుబడిన రోజున సంచి కుర్రాడి చేతిలో ఉంటుంది. పంపినవాడి అసలు పేరు కూడా చాలాసార్లు వాడికి తెలియదు.

శ్రీహరికోటకు వాకిలి వంటి సూళ్లూరుపేట, అటూ ఇటూ ఉన్న నాయుడుపేట, తడ కలకత్తా - చెన్నై జాతీయ రహదారి మీద, రైలు దారి మీద ఉన్న ఊళ్లు. విశాఖ మన్యం నుంచి, ఒడిశా కొండల నుంచి గంజాయి తమిళనాడుకు చేరే దారుల్లో ఇదొకటి. 2021లో 'ఆపరేషన్ పరివర్తన' పేరిట మన్యంలో వేల ఎకరాల గంజాయి తోటలను నరికి తగులబెట్టారు. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం 'ఈగల్' అనే ప్రత్యేక పోలీసు విభాగాన్ని ఏర్పాటు చేసింది. అయినా రవాణా పూర్తిగా ఆగలేదు.

చదువు మధ్యలో ఆగి, పులికాట్‌లో వేట సన్నగిల్లి, పని దొరకక కూర్చున్న కుర్రాడే ముఠాల కంట పడతాడు. మొదట ఉచితంగా ఒక దమ్ము, తర్వాత కొంత అప్పు, ఆ అప్పు తీర్చడానికి ఒక ప్రయాణం. వరుస ఇలా సాగుతుంది.

చట్టం ఏమంటుంది?

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద కిలో వరకు గంజాయితో దొరికితే ఏడాది వరకు జైలు. కిలో దాటితే పదేళ్ల వరకు. 20 కిలోలు మించితే పదేళ్లకు తగ్గకుండా 20 ఏళ్ల వరకు జైలు, లక్ష నుంచి రెండు లక్షల రూపాయల జరిమానా. అప్పుడు బెయిలు కూడా కష్టమే. సంచిలో ఏముందో తెలియదంటే చాలదు. తెలియదని రుజువు చేసుకునే భారం పట్టుబడినవాడిదే.

పిల్లలకయితే కేసు ఉండదని ముఠాలు నమ్మబలుకుతాయి. ఇందులో సగమే నిజం. 18 ఏళ్ల లోపు వారిని బాలల న్యాయమండలి ముందు హాజరుపరుస్తారు. కాని 16 నిండినవాడు 20 కిలోలకు మించిన సరుకుతో దొరికితే, పెద్దవాడిగా విచారించే వీలుంది.

అదే 2015 బాలల న్యాయ చట్టంలో 78వ సెక్షన్ ఉంది. పిల్లలచేత మత్తు పదార్థాలు మోయించినా, అమ్మించినా ఏడేళ్ల వరకు కఠిన జైలు, లక్ష వరకు జరిమానా. పల్లెల్లో ఎక్కువమందికి తెలియని సెక్షన్ ఇది. బిడ్డ పట్టుబడితే పంపినవాడెవరో మొదటిరోజే చెప్పించి, వాడిమీద ఈ సెక్షన్ పెట్టమని తల్లిదండ్రులు రాతపూర్వకంగా కోరాలి. బ్రిటన్‌లోనూ నగరాల ముఠాలు పిల్లలచేత చిన్న ఊళ్లకు మత్తు సరుకు మోయిస్తున్నాయి. ముఠా చేతిలో చిక్కి చేశానని కోర్టులో చెప్పుకొని బయటపడే వీలు అక్కడి బాలలకు 2015 చట్టం ఇచ్చింది.

ముందే కనిపెట్టాలి

లెక్క చెప్పని డబ్బు, ఎవరిచ్చారో తెలియని సెల్‌ఫోను, బడి మానడం, చెప్పకుండా రెండు మూడు రోజులు మాయం కావడం - ఇవి గుర్తులు. కొట్టి ఇంట్లోంచి తరిమితే వాడు నేరుగా ముఠా పంచకే చేరతాడు. దగ్గర కూర్చోబెట్టి అడగాలి. అలవాటుపడినవాడు తనంతట తానుగా చికిత్సకు ఒప్పుకుంటే, కొద్దిపాటి గంజాయి కేసుల నుంచి చట్టమే మినహాయింపు ఇస్తుంది.

గంజాయి సమాచారానికి 1972, పిల్లల రక్షణకు 1098, మత్తు మాన్పించే సలహాకు 14446, ఉచిత న్యాయసహాయానికి 15100 నెంబర్లున్నాయి. స్త్రీలకు, బాలలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఆదాయంతో పనిలేకుండా ప్రభుత్వమే ప్లీడరును పెడుతుంది.

ఈ నాలుగు నెంబర్లను హైస్కూళ్లలో, పులికాట్ ఒడ్డు కుప్పాల్లో గోడలమీద రాయించడం పంచాయతీలకు పెద్ద ఖర్చు కాదు. సంచి మోసినవాణ్ణి జైలుకు పంపి అంతటితో పని అయిపోయిందనుకుంటే, ముఠా మరుసటి వారమే ఇంకో కుర్రాణ్ణి వెతుక్కుంటుంది.