బజారు మాట, ఊరి మాట

కావలికీ నెల్లూరుకూ నడుమ, విజయవాడ–చెన్నై రైలు మార్గం మీద ఉన్న బిట్రగుంట పంటల వల్లనో రేవు వల్లనో కాక రైలు వల్ల పెరిగిన ఊరు. ఆవిరి యంత్రాల కాలంలో ఇక్కడ పెద్ద లోకోషెడ్డు, అంటే ఇంజన్లకు బొగ్గూ నీరూ పట్టించి, మరమ్మతు చేసి మళ్ళీ బండికి తగిలించే కేంద్రం, ఉండేది. దాని చుట్టూ సిబ్బంది క్వార్టర్లు, ఆస్పత్రి, బడి వెలిశాయి, వాటిని నమ్ముకుని బజారు వెలిసింది. చిన్న ఊళ్ళలో వర్తక సంఘాలు రాజకీయాల్లోకి ఎందుకు వస్తాయో, వచ్చి ఎవరి తరఫున మాట్లాడతాయో తెలుసుకోవడానికి ఇటువంటి బజారును మించిన చోటు లేదు.

ఒకే యజమాని మీద బతికే ఊరిలో వ్యాపారం జీతాల తేదీని బట్టి నడుస్తుంది. నెలంతా పచారీ కొట్టులో అరువు రాయించుకుని, జీతం అందిన రోజున పద్దు తీర్చి, ఆ సాయంత్రమే కొత్త పద్దు తెరవడం రైల్వే కాలనీలున్న ఊళ్ళన్నింటిలో మామూలు సంగతి. అటువంటి ఊరిలో షెడ్డు చిక్కిపోతే దెబ్బ మొదట తగిలేది ఆ అరువు పుస్తకానికే. 1980 ప్రాంతంలో ఈ మార్గానికి విద్యుత్తు రావడంతో ఆవిరి యంత్రాల అవసరం తగ్గుతూ వచ్చింది. 1995 నాటికి దేశంలోని బ్రాడ్‌గేజి మీదనే వాటి శకం ముగిసింది. ఉద్యోగికి బదిలీ ఉంటుంది, మరో ఊళ్ళో మరో క్వార్టరు దొరుకుతుంది. కొట్టుకు బదిలీ లేదు. బిట్రగుంటలోని రైల్వే స్థలాల్లో ఏదైనా కొత్త రైల్వే పరిశ్రమ పెట్టాలనీ, ఎక్స్‌ప్రెస్ బండ్లు ఇక్కడ ఆగాలనీ కోరే గొంతుల్లో బజారు గొంతు గట్టిగా వినిపించడానికి కారణం ఈ కదలలేనితనమే తప్ప, వ్యాపారులకు తక్కినవారికన్నా ఊరి మీద మమకారం ఎక్కువని కాదు.

వాణిజ్య మండలి, వాడుకలో చాంబర్ ఆఫ్ కామర్స్, అనేది వ్యాపారులు చందాలు కట్టి, తమలో తాము కార్యవర్గాన్ని ఎన్నుకుని నడుపుకునే సంఘం. పన్నులు, రవాణా, కొలతలు, లైసెన్సుల వంటి ఉమ్మడి వ్యవహారాల్లో ప్రభుత్వంతో మాట్లాడటం దాని పని. ఫ్రాన్సులోని మార్సెయి రేవులో 1599లో మొదలైన ఈ ఏర్పాటు, 1836లో మద్రాసుకు ఐరోపా వర్తకుల సంఘంగా వచ్చింది. భారతీయ వ్యాపారులు దక్షిణ భారత వాణిజ్య మండలిని 1909లో పెట్టుకోగా, తెలుగు వ్యాపారుల కోసం ఆంధ్ర వాణిజ్య మండలి 1928లో మద్రాసులోనే ఏర్పడింది. ఊరి స్థాయిలో ఇదే పని చేసే సంస్థను వర్తక సంఘమనో, మర్చంట్స్ అసోసియేషన్ అనో పిలుస్తారు. పేరు ఎంత చిన్నదైనా దాని లెటర్‌హెడ్ మీద వెళ్ళిన అర్జీని ఏ కార్యాలయమూ తేలిగ్గా పక్కన పెట్టదు.

ఈ సంఘాలు రాజకీయాలకు దూరమని చెప్పుకోవడం ఆనవాయితీ, అయితే వాటి చరిత్ర వేరుగా ఉంది. దక్షిణ భారత వాణిజ్య మండలికి తొలి ఏళ్ళలో అధ్యక్షుడైన పిట్టి త్యాగరాయ చెట్టి, తెలుగు మాట్లాడే దేవాంగ కుటుంబంలో పుట్టినవాడు, 1916లో జస్టిస్ పార్టీ స్థాపకుల్లో ఒకడయ్యాడు. 1920 ఎన్నికల తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ ముఖ్యమంత్రి పదవి తనదాకా వస్తే కాదన్నాడు. 1919 నాటి సంస్కరణల చట్టం ఒక అడుగు ముందుకు వేసి శాసనమండలిలో వాణిజ్య ప్రతినిధులకు ప్రత్యేక స్థానాలే కేటాయించింది, అంటే అర్హత ఉన్న వర్తకుడికి పౌరుడిగా ఒక ఓటూ, వర్తకుడిగా మరో ఓటూ ఉండేవి. 1950లో రాజ్యాంగం అమలులోకి వచ్చి, వయోజనులందరికీ సమానంగా ఓటు దక్కడంతో ఆ తలుపు మూసుకుంది. తలుపు మూసుకున్నాక కిటికీలు వెతుక్కోవడమే నేటి వర్తక సంఘాల రాజకీయమంటే పెద్దగా తప్పు కాదు.

అటువంటి కిటికీల్లో ఒకటి బిట్రగుంట వంటి ఊరికి మరీ ముఖ్యమైనది. ప్రతి రైల్వే డివిజన్‌లోనూ వినియోగదారుల సలహా సంఘం ఒకటి ఉంటుంది; అందులో ప్రయాణికుల సంఘాలతో పాటు వాణిజ్య మండళ్ళ ప్రతినిధులకూ చోటుంది కనుక, విజయవాడ డివిజన్ అధికారుల ఎదుట ఒక బండి ఆగే విషయాన్ని అధికారికంగా లేవనెత్తే అవకాశం ఓటు ద్వారా కాక సభ్యత్వం ద్వారా లభిస్తుంది. రెండో కిటికీ పంచాయతీ. బిట్రగుంటకు మునిసిపాలిటీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి కాబట్టి, ఇటువంటి ఊళ్ళలో పార్టీ బలం కన్నా పరపతీ పరిచయాలూ ఎక్కువ పనిచేస్తాయి, ఆ రెండూ బజారులో పుష్కలం. పైగా సంతలో, రోడ్డు పక్కన అమ్ముకునేవారి నుంచి రోజువారీ రుసుము వసూలు చేసే హక్కును, అంటే ఆశీళ్ళను, పంచాయతీలు వేలం వేస్తాయి. ఆ పాట ఎంత దాకా వెళ్తుందన్నది వ్యాపారులకు జీఎస్టీ రేటుకు తీసిపోని విషయం.

బంద్ పిలుపు వచ్చిన రోజున ఈ రాజకీయం కళ్ళకు కడుతుంది. ఏ పార్టీ పిలిచినా ముందుగా సంఘం పెద్దలను కలుస్తుంది; ఉదయం కార్యకర్తలు బజారు వెంట వచ్చేసరికి షట్టర్లు పూర్తిగా పడవు, సగానికి దిగి ఆగుతాయి, లోపల దీపం వెలుగుతూనే ఉంటుంది, వంగి లోపలికి వెళ్ళిన మనిషికి సరుకు దొరుకుతుంది. ఎవరితోనూ కాదనకుండా ఎవరికీ పూర్తిగా అవుననకుండా బతికే ఆ సగం షట్టరు చిన్న ఊరి వర్తక రాజకీయానికి సరైన ముద్ర.

ఊరి జీవితంలో సంఘం పాత్ర ఇంకా మెత్తగా కనిపిస్తుంది. వేసవిలో చలివేంద్రం, తిరునాళ్ళకు పందిరి, గుడి ఉత్సవాల్లో ఒక రోజు ఖర్చు భరించే ఉభయం, బడికి బల్లలు: కొండబిట్రగుంట వేంకటేశ్వరస్వామి కోవెల వంటివి దగ్గరలో ఉన్న ఊళ్ళలో ఈ ఖర్చులకు లోటుండదు. పొరుగు రాష్ట్రం తమిళనాడులోని విరుదునగర్‌లో నాడార్ వర్తకులు సరుకు మీద మహమై అనే స్వల్ప రుసుము తమకు తామే విధించుకుని బడులు నిలిపారు. తర్వాత మద్రాసు ముఖ్యమంత్రి అయిన కామరాజ్ చదివింది అటువంటి బడిలోనే. ఆ ఏర్పాటులో గొప్పతనం దానం కాదు, లెక్క: ఇంత సరుకుకు ఇంత అన్న నియమం ఉండటంతో, ఇచ్చినవాడి పేరు కన్నా కట్టిన బడి పేరు మిగిలింది. మన బజార్లలో ఈ రోజు కనిపించే ఫ్లెక్సీల నిండా దాతల ఫోటోలుంటాయి, ఖర్చు లెక్క మాత్రం ఉండదు.

అసలు చిక్కు సంఘం వెలుపల ఉన్నవారిది. చందా కట్టేవాడే సభ్యుడు కనుక కొట్లో తూకం వేసే కుర్రాడికీ, స్టేషను బయట బుట్ట దించుకునే చేపల మనిషికీ అందులో చోటు లేదు, సంఘం మాత్రం మాట్లాడేది ఊరి పేరుతోనే. బిట్రగుంట ఉన్న బోగోలు మండలంలోనే జువ్వలదిన్నె వద్ద చేపల రేవు కట్టారు, సముద్రపు సరుకు వ్యాపారం ఈ తీరానికి ముఖ్యమైనది. అందువల్ల ఎవరు ఎక్కడ కూర్చుని అమ్మాలన్న తగాదా చిన్నది కాదు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ సంఘాల్లో కనీసం 40 శాతం సభ్యులు వీధి వ్యాపారులే కావాలి, వారిలో మూడోవంతు స్త్రీలుండాలి. ఆ చట్టం మునిసిపాలిటీలు, నగర పంచాయతీల వంటి పట్టణ సంస్థలను ఉద్దేశించినది. గ్రామ పంచాయతీ పాలనలో ఉన్న బజారులో బుట్టతో వచ్చిన మనిషికి కుర్చీ వెయ్యాలా వద్దా అన్నది ఇప్పటికీ కొట్టున్నవారి ఇష్టమే.