ఇంటి బిల్లులు చెల్లించు మార్గములు

నెలకొకసారి మీటరు చూచువాడు చేతియంత్రముతో మన గుమ్మమునకు వచ్చి, పొడుగుపాటి కాగితపుముక్క యొకటి చించి యిచ్చి పోవును. పూర్వము ఇంటి పెద్ద ఆ కాగితమును గోడమేకునకు గ్రుచ్చి, జీతపుదినము రాగానే సొమ్ము జేబులో వేసికొని కరెంటాఫీసునకు నడచెడివాడు. ఇప్పుడా కాగితము తిన్నగా ఇంటిలోని పిల్లవాని చేతికి పోవుచున్నది. “నీవు ఫోనులో కట్టెయ్యరా” అని తల్లిదండ్రులు చెప్పుచున్నారు. మా తరగతిలో అడిగి చూడగా, తమ యింటి బిల్లులు తామే కట్టుచున్నామని చేతులెత్తిన విద్యార్థులు పెక్కుమంది యుండిరి. కావున ఇది పెద్దలకు మాత్రమే సంబంధించిన విషయము కాదని తలచి, మన పత్రికలో నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఈ మార్పు ఒక్కదినమున వచ్చినది కాదు. కరెంటున కొకచోట, నీటిపన్నున కొకచోట, టెలిఫోనున కొకచోట వరుసలలో నిలువబడిన కాలమును మీ తలిదండ్రులు ఎఱుగుదురు. 1999 డిసెంబరులో హైదరాబాదు, సికిందరాబాదు జంటనగరములలో ‘ట్విన్స్’ అను పేర ప్రయోగముగా మొదలై, 2001లో ‘ఈసేవ’గా విస్తరించిన కేంద్రములు ఈ బిల్లుల నన్నిటిని ఒకే కిటికీయొద్ద తీసికొనసాగినవి. 2011లో ‘మీసేవ’ వచ్చెను. 2016లో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ వారు యు.పి.ఐ. పద్ధతిని ప్రవేశపెట్టిరి. కూరలబండి మీద సైతము నేడు కనబడు ఆ నల్లగళ్ల చదరపు బొమ్మకు మూలమిదియే.

ఫోనులో బొత్తాము నొక్కినప్పుడు జరుగున దేమి? మన చేతినుండి సొమ్ము కరెంటు కంపెనీవారి చేతిలో నేరుగా పడుచున్నదని పలువురు భావింతురు. అట్లు కాదు. మన యాప్ మన బ్యాంకునకు చెప్పును. బ్యాంకు మన ఖాతాలో తగ్గించును. నడుమనున్న సంస్థ ఆ సమాచారమును అవతలి బ్యాంకునకు చేర్చును. ఆ పిమ్మట కంపెనీవారి లెక్కలో మన సర్వీసు నంబరునకు ఎదురుగా జమ వ్రాయబడును. ఇన్ని చేతులు మాఱునది రెప్పపాటులో జరుగుటచే మన కొక్కచేతి పనివలె తోచును. ఎక్కడనో యొకచోట తీగ తెగినచో, మన ఖాతాలో తగ్గినది గాని వారి లెక్కకు ఎక్కలేదు అను చిక్కు కలుగును. ఇట్టిదానికి రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో గడువులు విధించెను. యు.పి.ఐ. ద్వారా వ్యాపారికి చెల్లించిన సొమ్ము అచ్చట ధ్రువపడనిచో, అయిదు దినములలో తనంతట తిరిగి రావలెను. ఆలస్యమైన ప్రతిదినమునకును వంద రూపాయల వంతున ఖాతాదారునకు పరిహారము చెల్లింపవలెను. అయిదు దినములన్న మాటను గమనింపుడు. గడువుతేదీనాటి రాత్రి పదకొండు గంటలకు కట్టువానికి ఈ నిబంధన సొమ్మును రక్షించునే గాని, గడువును రక్షింపదు.

దారియే మూతపడుటయు కలదు. 2024 జూలై 1వ తేదీనుండి తెలంగాణ దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థవారి బిల్లులు ఫోన్‌పే, గూగుల్‌పే మొదలగు వానిలో కట్టుటకు వీలులేకపోయెను. బిల్లుల చెల్లింపులు ‘భారత్ బిల్ పేమెంటు’ అను ఉమ్మడి ఏర్పాటు ద్వారా నడువవలెనన్న రిజర్వు బ్యాంకు ఉత్తరువు అప్పటికి అమలులోనికి వచ్చుటయు, ఆ సంస్థ అందింకను చేరకుండుటయు దీనికి కారణము. తమ సొంత వెబ్‌సైటులోను, యాప్‌లోను కట్టుడని సంస్థవారు ప్రకటించిరి. కొలదికాలమునకే పాతదారి మరల తెరవబడినది గాని, ఒక్క మార్గమే తెలిసినవారు ఆ దినములలో తికమకపడిరి.

ఇక నా యనుభవ మొకటి చెప్పెదను. మా నాయన పల్లెలో ఒంటరిగా నున్నాడు. ఎండలో ఆయన కేల శ్రమయని, ఒక వేసవిలో ఆయన బిల్లును పట్టణమునుండి నేనే ఫోనులో కట్టితిని. సర్వీసు నంబరులో ఒక్క అంకె తప్పుపడెను. కట్టుటకు ముందు యాప్ ఇంటియజమాని పేరు చూపును. నేను మొత్తమును చూచితిని గాని పేరు చూడలేదు. “చెల్లింపు సఫలము” అని పచ్చని గుర్తు వచ్చెను; ఫోను మూసితిని. నెల తిరిగిన పిమ్మట లైనుమాను వచ్చి ఫ్యూజు తీసెను. “మా అమ్మాయి కట్టిందయ్యా” అని నాయన చెప్పగా, “చీటీ చూపించు, తాతా” అని యతడడిగెను. చీటీ యెక్కడిది? మేనెల రాత్రి డెబ్బదియేండ్లు దాటిన మనిషి వీథియరుగు మీద విసనకఱ్ఱతో గడపెను. మఱునాడు తానే నడచిపోయి, బాకీయు, తిరిగి కలుపు రుసుమును నగదుగా కట్టి వచ్చెను. నాతో ఒక్కమాటయు కఠినముగా అనలేదు. అదియే నాకెక్కువ బాధ కలిగించినది.

ఆ సొమ్ము రెండూళ్ల అవతలనున్న యొక దర్జీ యింటి ఖాతాలో జమయై యున్నట్లు ఆఫీసులో తేలినది. ఆయన అనుమతి లేనిదే మార్చుటకు వీలులేదనిరి. నేను కాగితము పట్టుకొని ఆయన యింటికి పోగా, “బిల్లు తక్కువ వచ్చిందేమిటా అనుకున్నానమ్మా” అని నవ్వి, మిషను సొరుగులోనుండి నోట్లు తీసి లెక్కపెట్టి యిచ్చెను. అందఱికిని అట్టి దర్జీ దొరకునని నమ్మకము లేదు.

ఈ కథవలన ఫోను చెడ్డదనియు, కిటికీ మంచిదనియు నేననబోను. కిటికీయొద్ద గుమాస్తా, “ఈ పేరేనా?” అని యడుగును, చేతికి రసీదు వచ్చును. గ్రామ సచివాలయములలోను, మీసేవలోను, కరెంటువారి వసూలు కేంద్రములలోను ఈ సౌకర్య మిప్పటికిని కలదు. అయితే కూలికి పోవు తల్లి ఒకపూట పని మానుకొని, బస్సుచార్జి పెట్టుకొని పట్టణమునకు వచ్చి, “సర్వరు పనిచేయుట లేదు, రేపు రండి” అన్న మాట వినిపోయినచో, ఆమెకు పడిన ఖర్చు బిల్లులో ఎక్కడను కనబడదు. అట్టియింటికి ఫోను గొప్ప యుపకారి. స్మార్టుఫోను లేనివారికిని 2022 మార్చినుండి ‘123 పే’ అను ఏర్పాటు కలదు. బొత్తాముల ఫోనుతోనే సొమ్ము పంపవచ్చును.

బ్యాంకే నెలనెలా తనంతట కట్టివేయు ఏర్పాటు నెలజీతగాండ్రకు నప్పును. నేడు వచ్చి రేపు రాని సంపాదనగల యిండ్లకు నేను దానిని చెప్పను. ఖాతాలో చాలినంత లేని దినమున అది కోఱినచో, బిల్లు నిలిచిపోవుటయే గాక బ్యాంకు రుసుము కూడ మీదపడవచ్చును. చెక్కుల మాట ఇంటిబిల్లుల విషయమున ఇప్పుడు విరివిగా లేదు. పాలవానికి మాత్రము చేతికి సొమ్మిచ్చి, గోడ క్యాలెండరు మీద గుర్తు పెట్టుటకంటె మెఱుగైన మార్గము నాకింకను కనబడలేదు.

మోసగాండ్ర సంగతి కొంచెము విపులముగా చెప్పవలసియున్నది. “మీ గతమాసపు బిల్లు నమోదు కాలేదు, ఈ రాత్రి తొమ్మిదిన్నరకు మీ కరెంటు తీసివేయబడును, వెంటనే ఈ నంబరునకు ఫోను చేయుడు” అను సందేశము దేశమంతట తిరిగినది. భయపడి ఫోనుచేసినవానిచే ఏదియో యాప్ వేయించి, వాని ఫోనుతెరను తాము చూచుచు, ఖాతా ఖాళీ చేయుదురు. 2003 విద్యుచ్ఛక్తి చట్టము 56వ సెక్షను ప్రకారము బాకీకొఱకు సరఫరా నిలుపుటకు ముందు పదునైదు పూర్తిదినముల వ్రాతపూర్వకమైన నోటీసు ఈయవలెను. ఈ సెక్షను నెఱిగినవాడు ‘ఈ రాత్రి’ అన్న మాట చూడగానే సందేశమును తుడిచివేయును. ఇంకొకటి: సొమ్ము పంపుటకే పిన్ కావలెను, పుచ్చుకొనుటకు అక్కఱలేదు. ఒకవేళ మోసపోయినచో సిగ్గుపడి దాచక, వెంటనే 1930 నంబరునకును, బ్యాంకునకును తెలుపవలెను. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు చేసిన నియమమునుబట్టి, మన తప్పుగాని బ్యాంకు తప్పుగాని లేక అన్యులవలన జరిగిన నష్టమును, బ్యాంకునుండి సమాచారమందిన మూడు పనిదినములలో తెలిపినచో, మనము భరింపనక్కఱలేదు. మనమే పిన్ చెప్పియుంటిమేని, బ్యాంకునకు తెలుపువఱకు జరిగిన నష్టము మనదే. రెంటికిని త్వరయే ముఖ్యము.

విద్యార్థులారా, ఇంక మీతో. అమ్మ పిన్ మీకు తెలియును, అమ్మకు తెలియదు. ఇది చాల యిండ్లలో నేను చూచుచున్న సంగతి. చదువురాని తల్లి తన కష్టార్జితపు తాళమును బిడ్డచేతికిచ్చి, అది యెట్లు తిరుగునో కూడ ఎఱుగక యున్నది. మీలో దుర్బుద్ధి గలవారున్నారని నేననను. కాని ఆటలయాప్‌లో పదిరూపాయలు, స్నేహితునికి ఇరువది రూపాయలు పోయినను ఆమెకు తెలియు మార్గము లేదు. తెలియనిచోట పది నూఱగుటకు ఎంతో కాలము పట్టదు. కావున బిల్లు కట్టునప్పుడు ఆమెను ప్రక్కను కూర్చుండబెట్టుకొనుడు. సర్వీసు నంబరు కాగితమునుండి మీరు చదువుచుండగా అంకెలు ఆమెను నొక్కనిండు. పేరు చదివి వినిపింపుడు. పిన్ ఆమెయే మార్చుకొని, ఆమెయే వేయవలెను. మీరు మొగము త్రిప్పుకొనుడు. అంకెలు తెలియనివారు మన వీథులలో అరుదు. బస్సు నంబరు చూచి ఎక్కువారందఱును నాలుగైదు మారులలో దీనిని నేర్వగలరు.

మా యింట ఇప్పుడు నేననుసరించు పద్ధతి యిది. బిల్లు వచ్చిన వారములోనే ఫోనులో కట్టుదును. పేరు, నంబరు, మొత్తము ఈ మూడును కాగితముతో సరిచూతును. వచ్చిన లావాదేవీ సంఖ్యను తేదీతో నోటుపుస్తకములో వ్రాసికొందును. ఫోను పోయినను పుస్తకముండును. కొన్ని యాప్‌లు కొలది రూపాయల రుసుము చేర్చుచున్నవి గనుక, తుది మొత్తము చూడకుండ నొక్కను.

నాయన కరెంటుబిల్లు మాత్రము తానే సచివాలయమునకు నడచిపోయి నగదుగా కట్టుచున్నాడు. నడక మంచిదట. ఆయన ఫోను రీచార్జి నాపని. అది కట్టినప్పుడెల్ల సంఖ్యయు తేదీయు చిన్నకాగితము మీద వ్రాసి యుంచి, ఊరికి పోయినప్పుడు ఇత్తును. ఆయన దానిని కన్నులకు దగ్గఱగా పెట్టుకొని చదివి, రసీదులున్న ఆ పాతమేకునకే గ్రుచ్చును.