పాత లోగిలిలో వంటయిల్లు, స్నానపు గది: బాగుచేయుట ఎట్లు?

గోదావరి డెల్టాలోని గ్రామములలో మండువా లోగిళ్ళు నేటికిని అక్కడక్కడ నిలిచియున్నవి. నడుమ ఆకాశమునకు తెరచియున్న మండువా, దాని చుట్టును వసారాలు, లోపలికి వాలిన పెంకుల కప్పు, టేకు స్తంభములు ఆ ఇండ్ల లక్షణములు. ఆ టేకు దుంగలు ఒకప్పుడు ఎగువనున్న మన్యపు అడవులనుండి తెప్పలుగా కట్టబడి గోదావరిమీద దిగివచ్చెడివి. ఇట్టి ఇండ్లను పడగొట్టక బాగుచేసికొని, పాత తీరుననే నివసింపగోరువారు నేడు కొందరున్నారు. వారికి మొదట చిక్కు వచ్చునది వంటయింటిలోను, స్నానపు గదిలోను. ఇంటిలో నీరు, ఆవిరి, వేడి ఎక్కువగా నుండు చోట్లు ఇవియే.

సాధారణముగా జరుగునది ఇది. స్నానపు గది గోడ అడుగుభాగమున సున్నపు పూత పెచ్చులుగా రాలుచుండును. దానిని గీకివేసి, నడుము ఎత్తువరకు సిమెంటు పూసి, పైన పింగాణి పలకలు అతికింతురు. కొన్నాళ్ళు గోడ కొత్తదివలె నుండును. కొన్ని వర్షాకాలములు గడచునప్పటికి, పలకల పై అంచునకు మీదుగా, అంతకుముందు పొడిగా నున్న చోట తేమ మరక కనిపించును. తెల్లని ఉప్పు పూయును. ద్వారబంధము అడుగు మెత్తబడును. సిమెంటు మంచిది కాదని ఇంటివారును, తాపీపని సరిగా లేదని పొరుగువారును అందురు. నిజమునకు లోపము ఆ రెండింటిలోను లేకపోవచ్చును. గోడలో నీరు ఎట్లు నడచునో గమనింపకపోవుటయే అసలు లోపము.

గోడలో నీరు ఎక్కుట

డెల్టా అంతయు ఒండ్రునేల. రాయి దొరుకుట అరుదు గనుక మట్టిని కాల్చి ఇటుకలు చేసి ఇండ్లు కట్టిరి. భూమిలోని నీరు చాలచోట్ల నేలకు సమీపముననే యుండును. కాలువలు పారునపుడును, వరిచేలలో నీరు నిలిపినపుడును అది ఇంకను పైకి వచ్చును. పాత గోడల పునాదులలో తేమను అడ్డగించు పొర సామాన్యముగా ఉండదు.

ఇటుకలోను, సున్నపు అడుసులోను కంటికి కనిపింపని సన్నని రంధ్రములు లెక్కలేనన్ని కలవు. సన్నని గొట్టములో నీరు తనంతట పైకెక్కు గుణమును కేశాకర్షణ మందురు. దీపపు వత్తిలో నూనె ఎక్కుట ఈ గుణముచేతనే. గొట్టము ఎంత సన్ననిదైన నీరు అంత ఎత్తునకు ఎక్కును. మిల్లీమీటరులో పదవవంతు వ్యాసార్ధముగల గాజు గొట్టములో నీరు సుమారు 15 సెంటీమీటర్లు ఎక్కును. నూరవవంతు వ్యాసార్ధముగల దానిలో సుమారు ఒకటిన్నర మీటర్లు ఎక్కగలదు.

అట్లయినచో పాత గోడలన్నియు పైదాక ఏల తడిసిపోలేదు? ఎక్కుచున్న నీరు గోడ ముఖమునుండి నిరంతరము ఆవిరియై పోవుచుండుటచేత. క్రిందినుండి వచ్చు నీరును, ప్రక్కలకు పోవు ఆవిరియు సమానమైన ఎత్తున తేమ ఆగిపోవును. సున్నపు పూత ఆవిరిని సులభముగా పోనిచ్చును గనుక ఈ సమతూకము నేలకు కొద్ది ఎత్తుననే కుదురును. సిమెంటు పూత, దానిపై పింగాణి పలకలు ఆ దారిని చాలవరకు మూసివేయును. దారి మూసినంతమాత్రమున నీరు ఎక్కుట మానదు. తెరపి దొరకువరకు పైకి పోవును. కావుననే మరక నడుము ఎత్తునుండి తల ఎత్తునకు చేరును.

నీటితోపాటు నేలలోని లవణములును గోడలోనికి వచ్చును. నీరు ఆవిరియగును, ఉప్పు మిగిలిపోవును. ఆ ఉప్పు స్ఫటికములుగా మారి రంధ్రములలో పెరుగుచు గోడను లోపలినుండి నెట్టును. సముద్రతీరపు గ్రామములలో ఈ బాధ హెచ్చు. పూత మెత్తని సున్నముదైనచో ఉప్పు పూతలో స్ఫటికమై పూతనే రాల్చును, ఇటుక మిగులును. పూత ఇటుకకంటె గట్టిదై, నీటిని పోనీయనిదైనచో దాని వెనుక ఇటుకయే పిండియగును. పూత పోయిన మరల పూయవచ్చును. ఇటుక పోయినచో గోడయే పోవును.

సున్నము చేయు పని

డెల్టాలో పూర్వము వాడిన సున్నములో గుల్ల సున్నము ముఖ్యమైనది. కాకినాడ అఖాతమునందు దొరకు గుల్లలను కాల్చి దీనిని చేయుదురు. గుల్ల, సున్నపురాయి రెండును ముఖ్యముగా కాల్షియం కార్బొనేటు. దీనిని సుమారు 900 సెంటిగ్రేడు డిగ్రీలకు కాల్చినచో బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డై ఆక్సైడు, వెడలిపోయి పొడిసున్నము మిగులును. 100 గ్రాముల శుద్ధమైన కాల్షియం కార్బొనేటునుండి 44 గ్రాముల వాయువు పోగా 56 గ్రాముల సున్నము వచ్చును. కాల్చినపుడు వెడలిపోవునది ఒక వాయువని స్కాట్లండు శాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్లాకు 1756లో ప్రకటించిన ప్రయోగములవలన తెలిసినది.

ఈ 56 గ్రాముల సున్నము 18 గ్రాముల నీటితో కలిసి, మిక్కిలి వేడి పుట్టించి, 74 గ్రాముల తడిసున్నమగును. దానిని గోడకు పూసినపుడు అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును 44 గ్రాములు మెల్లగా తిరిగి గ్రహించి, 18 గ్రాముల నీటిని విడిచిపెట్టును. మిగిలినది మరల 100 గ్రాముల కాల్షియం కార్బొనేటు. అనగా గోడమీది సున్నము తిరిగి గుల్లయే యగును. ఈ మార్పునకు గాలియు, కొంత తేమయు కావలెను. పూసిన సున్నమును తొందరగా ఆరనీయక కొన్నాళ్ళు తడుపుచుండుట అందుకొరకే.

గాలి తగులనిచోట, ఎల్లపుడు తడిగా నుండుచోట ఒంటి సున్నము సరిగా గట్టిపడదు. నూతి చప్టాకు, నీళ్ళగది గచ్చునకు పూర్వులు సుర్కీ కలిపిరి. సుర్కీ యనగా కాలిన ఇటుకల మెత్తని పొడి. అందలి సిలికా, అల్యూమినా సున్నముతో కలిసి నీటిలో కూడ గట్టిపడు పదార్థములగును. రోమనులు అగ్నిపర్వతపు బూడిదతో సాధించినది ఈ ఫలితమునే. ఎద్దులు త్రిప్పు గానుగలో సున్నము, ఇసుక, సుర్కీలను నలిపి, కరక్కాయ నీరు, బెల్లపు నీరు చేర్చెడివారు. చక్కెర నీటిలో సున్నము ఎక్కువగా కరుగును. అడుసు జిగటగానుండి మెల్లగా బిగియును.

ఇంగ్లండులో పోర్ట్‌లండు సిమెంటునకు 1824లో హక్కుపత్రము లభించినను, గుజరాతులోని పోరుబందరులో సిమెంటు తయారీ 1914లో గాని ప్రారంభము కాలేదు. 1847లో మొదలిడి 1852లో పూర్తిచేసిన ధవళేశ్వరము ఆనకట్ట సున్నపు కట్టడముల కాలమునకు చెందినదే. ఆ కాలపు లోగిళ్ళ గోడలును అట్టివే. డెల్టాలోని బంకమట్టి తడిసినపుడు ఉబ్బి, ఎండినపుడు కుంచించుకొనును. ఆ కదలికకు గట్టి సిమెంటు అతుకులు పగులును. మెత్తని సున్నపు అతుకులు కొంతవరకు ఓర్చుకొనును.

స్నానపు గది

బాగుచేయుటకు ముందు నీరు ఎటనుండి వచ్చుచున్నదో తెలిసికొనవలెను. చూరునీరు గోడ మొదట పడుచుండవచ్చును. తూము పగిలియుండవచ్చును. వీథి ఏటేట మెరకయై, బయటి మన్ను ఇంటి అరుగును దాటి గోడను ఆనుకొని యుండవచ్చును. ఈ కారణములు తొలగింపక ఎట్టి పూత పూసినను ప్రయోజనము లేదు.

తరువాత సిమెంటును మెల్లగా ఊడదీసి గోడను ఆరనీయవలెను. దళసరి గోడ ఆరుటకు నెలలు పట్టును. ఆపైన సున్నమును పలుచని పొరలుగా పూయవలెను. నీరు చిమ్ము చోట పలకలు తప్పవు గదా యని కొందరు సందేహింతురు. అట్టిచోట పాత గోడకు కొంచెము ఎడముగా సన్నని ఇటుక తెర కట్టి, పలకలు, నాపరాళ్ళు, నీటి గొట్టములు ఆ తెరకే అమర్చి, పైనను క్రిందను గాలిరంధ్రములు విడువవలెను. అప్పుడు పాత గోడ తెర వెనుక ఆరుచునే యుండును. గొట్టములకొరకు పాత గోడను తొలువ పనిలేదు. ఇత్తడి గంగాళము, రాతి తొట్టి, ఎఱ్ఱని గచ్చు అన్నియు పాత అందముతో ఉండవచ్చును.

పాతదంతయు నిలుపదగినది కాదు. మనుష్యులచేత మలమెత్తించు పాతకాలపు పొడి మరుగుదొడ్డి అట్టిది. దానిని 1993, 2013 సంవత్సరముల చట్టములు నిషేధించినవి. దాని స్థానమున నీటితో శుభ్రపడు మరుగుదొడ్డి, నూతికి దూరముగా మలినజలపు తొట్టి ఉండవలెను.

వంటయిల్లు

కట్టెలపొయ్యి పొగ కంటికిని ఊపిరితిత్తులకును హానికరము. దానిని తిరిగి వెలిగింప నవసరము లేదు. పొయ్యి గద్దెను మాత్రము నిలుపుకొనవచ్చును. అయితే పొగ పోవుటకు పెట్టిన పొగగూటిని మూసివేయుట పొరపాటు. గ్యాసు మండినపుడు పొగ కనిపింపకున్నను నీటియావిరి పుట్టును. ఒక కిలోగ్రాము వంటగ్యాసు మండినచో సుమారు ఒకటిన్నర కిలోగ్రాముల నీరు ఏర్పడును. 14.2 కిలోల సిలిండరు ఖాళీయగునప్పటికి సుమారు 22 లీటర్ల నీరు ఆవిరిగా గదిలోనికి వచ్చును. అన్నము, పులుసు ఉడికినపుడు లేచు ఆవిరి దీనికి అదనము. పొగగూడు మూసి, కిటికీలు బిగించి, గోడలకు ప్లాస్టిక్ రంగు వేసినచో ఈ నీరు గోడపై చేరి బూజు పట్టించును. పొగగూటిలో గాలి వెడలగొట్టు పంకా నమర్చి, గోడలకు వెల్లవేయుట మేలు. సున్నము తీవ్రమైన క్షారము. బూజు దానిపై సులభముగా పెరుగదు.

నిలువబడి వండుకొనుటకు ఎత్తైన రాతిబల్ల కావలసినచో దానిని గోడలో దిగగొట్టక ఇటుక కాళ్ళపై నిలుపవలెను. పాత తలుపుల, కిటికీల నూనెరంగును పొడిగా గీకరాదు. పూర్వపు రంగులలో సీసము ఉండవచ్చును. ఆ ధూళి పిల్లలకు విషము. రంగులలో సీసమును పదిలక్షలకు 90 వంతులకు మించనీయని నిబంధనలు ఈ దేశమున 2016లో వచ్చినవి.

సిమెంటు మంచి పదార్థమే. తేమను అడ్డగించు పొరతో కొత్తగా కట్టిన గోడకు అది తగును. నేలతేమను పీల్చుచు, ముఖమునుండి విడుచుచు నిలిచిన పాత గోడకు మాత్రము తగదు.

తరగతిలో చేయదగిన ప్రయోగము

రెండు ఎండిన ఇటుకలను తీసికొని, ఒకదానికి అడుగును, పైనొక అంగుళమును విడిచి ప్రక్కలన్నిటికిని కరగిన మైనము పూయవలెను. రెండింటిని అంగుళము లోతు ఉప్పునీరు పోసిన పళ్ళెములో నిలువుగా ఉంచి, నీరు తగ్గినపుడెల్ల మంచినీరు చేర్చుచుండవలెను. కొన్ని దినములకు మైనము లేని ఇటుక ప్రక్కలన్నిటిపై ఉప్పు పలుచగా పరచుకొనును. మైనము పూసిన ఇటుకకు ఉప్పంతయు పై అంగుళముననే పేరుకొనును. సిమెంటు పూసిన స్నానపు గది గోడపై జరుగునది ఇదియే. పాత ఇంటిని బాగుచేయించువారు పనివానిని పిలుచుటకు ముందు, గోడ ఎక్కడ తడియుచున్నదో, ఎక్కడ ఆరుచున్నదో ఒక వర్షాకాలము, ఒక వేసవి పరిశీలించిన యెడల, చేయవలసిన పని చాలవరకు వారికే తెలియును.