ఉస్తాద్ గెలుస్తాడా, కుర్రాడు గెలుస్తాడా? బాక్సింగ్ రింగులో వయసు వింతలు

చార్మినార్ దగ్గర లాడ్ బజార్ దాటి, మహబూబ్ చౌక్ గడియారం మీదుగా ముందుకెళితే హుస్సేనీ ఆలం వస్తుంది. పాతబస్తీలో ఇలాంటి చోట చాయ్ తాగుతూ కూర్చుంటే ఎంతకీ తెగని పంచాయితీ ఒకటుంది. పేరుమోసిన ఉస్తాద్‌కు వయసు మీద పడుతోంది. కుర్రాడేమో రోజురోజుకూ పదునెక్కుతున్నాడు. ఇద్దరినీ బరిలోకి దింపితే గెలుపెవరిది? తాలింఖానా పహిల్వాన్ల దగ్గర మొదలైన మాట మైక్ టైసన్ దాకా, అక్కణ్ణుంచి మన నిజామాబాద్ నిఖత్ జరీన్ దాకా పోతుంది. వాదనతో తేలేది కాదు కాబట్టి రికార్డులనే సాక్ష్యానికి పిలుద్దాం.

ఒక్క దెబ్బకు మూడుసార్లు పడ్డాడు

హెవీవెయిట్‌లో అతి పిన్న వయసు ప్రపంచ చాంపియన్ మైక్ టైసన్. 1986 నవంబర్ 22న లాస్ వేగాస్‌లో ట్రెవర్ బెర్బిక్‌ను ఓడించేనాటికి అతని వయసు 20 ఏళ్ల 4 నెలలు. రెండో రౌండ్లో టైసన్ ఎడమ చేతి హుక్ కణతకు తగిలింది. బెర్బిక్ కింద పడ్డాడు. లేవబోయి తూలి తాళ్ల మీద పడ్డాడు. మళ్లీ లేచి, మరో పక్కకు తూలి పడ్డాడు. తగిలిన దెబ్బ ఒక్కటే! కాళ్లు మాట వినడం లేదని చూసి రిఫరీ మిల్స్ లేన్ పోరు ఆపేశాడు. అంతకుముందు ఈ రికార్డు ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌ది. 1956లో 21 ఏళ్లకే అతను చాంపియన్ అయ్యాడు.

నలభై అయిదేళ్లకు కిరీటం

రెండో కొసన ఉన్నవాడు జార్జ్ ఫోర్‌మన్. 1994 నవంబర్ 5న 45 ఏళ్ల వయసులో, 26 ఏళ్ల చాంపియన్ మైఖేల్ మూరర్‌ను నాకౌట్ చేశాడు. అప్పటిదాకా మూరర్ 35 పోరాటాల్లో ఒక్కటీ ఓడలేదు. ఆ రాత్రి కూడా తొమ్మిది రౌండ్లు అతనిదే పైచేయి. ముగ్గురు జడ్జీల లెక్కలోనూ అతనే ముందున్నాడు. ఫోర్‌మన్ మొహం వాచిపోయింది. పదో రౌండ్లో ఫోర్‌మన్ కుడి చేతి దెబ్బ నేరుగా గడ్డానికి తగిలింది. మూరర్ వెల్లకిలా పడ్డాడు, రిఫరీ పది లెక్కపెట్టేదాకా లేవలేదు. ఫోర్‌మన్ తన మూలకు వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసుకున్నాడు.

ఆ రోజు అతను వేసుకున్న ఎర్ర నిక్కరు ఇరవై ఏళ్ల నాటిది. 1974లో కిన్షాసాలో మహమ్మద్ అలీ చేతిలో కిరీటం పోగొట్టుకున్నప్పుడు వేసుకున్నది అదే. అప్పుడు ఫోర్‌మన్‌కు 25, అలీకి 32. అంటే పెద్దవాడి చేతిలో ఓడి కిరీటం పోగొట్టుకున్న కుర్రాడే, తాను పెద్దవాడయ్యాక ఒక కుర్రాడి దగ్గర దాన్ని సంపాదించాడు. ఇంకో తమాషా, 1974లో అలీ మూలన నిలబడి సలహాలిచ్చిన గురువు ఏంజెలో డండీ 1994లో ఫోర్‌మన్ పక్షాన ఉన్నాడు.

పదిహేడు, నలభై తొమ్మిది

బరువుతో పని లేకుండా చూస్తే అంకెలు ఇంకా విడ్డూరం. 1976 మార్చిలో సాన్ హువాన్‌లో విల్‌ఫ్రెడ్ బెనీతెజ్ 17 ఏళ్లకే ప్రపంచ చాంపియన్ అయ్యాడు. అతను ఓడించిన ఆంటోనియో సెర్వాంటెస్‌కు 30 ఏళ్లు, చేయి తిరిగిన చాంపియన్. పోరు పూర్తిగా 15 రౌండ్లు సాగింది. ఇటు చివర బెర్నార్డ్ హాప్‌కిన్స్ 2014 ఏప్రిల్‌లో 49 ఏళ్ల వయసులో బేబుట్ షుమెనోవ్‌ను ఓడించి లైట్ హెవీవెయిట్ టైటిల్ గెలిచాడు. తాత కావాల్సిన వయసులో తన్నులాట!

ఒకే రౌండ్లో ఏడుసార్లు

1919 జులై 4, టొలీడో నగరం. చాంపియన్ జెస్ విల్లర్డ్‌ది ఆరున్నర అడుగుల ఎత్తు, 37 ఏళ్ల వయసు. ఎదురుగా 24 ఏళ్ల జాక్ డెంప్సీ, అతనికంటే పాతిక కిలోలకు పైగా తక్కువ బరువు. మొదటి రౌండ్లోనే విల్లర్డ్ ఏడుసార్లు నేల కరిచాడు. పడగొట్టినవాడు ఎదుటి మూలకు వెళ్లి నిలబడాలనే నియమం అప్పట్లో లేదు. విల్లర్డ్ లేస్తూండగానే డెంప్సీ మళ్లీ బాదేవాడు. నాలుగో రౌండ్‌కు విల్లర్డ్ కుర్చీ లోంచి లేవలేదు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. విల్లర్డ్ అంతకుముందు టైటిల్ కోసం రింగెక్కింది 1916లో. మధ్యలో మూడేళ్లు ఖాళీ.

సాధన తోడు చేతిలో ఓటమి

ప్రాక్టీసులో అలీకి ఎదురు నిలబడి దెబ్బలు కాచుకున్న కుర్రాడు లారీ హోమ్స్. 1980 అక్టోబర్ 2న ఆ హోమ్సే చాంపియన్, అలీ 38 ఏళ్ల సవాలుదారు. అలీ రెండేళ్లు ఆటకు దూరంగా ఉండి తిరిగొచ్చాడు. బరువు తగ్గాడు, చూడటానికి పాత అలీలాగే ఉన్నాడు. ఒంట్లో మాత్రం సత్తువ లేదు. పదో రౌండ్ ముగిశాక డండీ పోరు ఆపించాడు. అలీ మొత్తం 61 పోరాటాల్లో గడువుకు ముందే ముగిసి ఓడింది ఇదొక్కటే. అదే ఏడాది మొదట్లో అలీ మద్రాసు వచ్చి జిమ్మీ ఎలిస్‌తో ప్రదర్శన పోటీ ఆడాడు. అప్పుడు చూసి మురిసినవాళ్లకు అక్టోబర్ కబురు మింగుడు పడి ఉండదు.

ఒక్క గెలుపు దూరంలో

హెవీవెయిట్ చాంపియన్లలో ఒక్క ఓటమీ లేకుండా 49 గెలుపులతో రిటైరైనవాడు రాకీ మార్సియానో. 1951లో మార్సియానో ఎనిమిదో రౌండ్లో పడగొట్టింది తన ఆరాధ్య వీరుడు జో లూయీనే. లూయీకి అప్పుడు 37. దాదాపు 12 ఏళ్లు చాంపియన్‌గా ఉండి, 25 సార్లు టైటిల్ నిలబెట్టుకున్న లూయీ రికార్డు నేటికీ చెక్కుచెదరలేదు.

మార్సియానో అంకెను అందుకోబోయినవాడు మన హోమ్స్. 48 వరుస గెలుపులతో 1985లో మైఖేల్ స్పింక్స్ మీదికి వెళ్లాడు. ఓడిపోయాడు, రికార్డు ఒక్క అడుగు దూరంలో ఆగింది. హోమ్స్ వయసు 35, స్పింక్స్‌కు 29. 1988లో టైసన్ హోమ్స్‌ను నాలుగో రౌండ్లోనే పడగొట్టాడు. నిన్న అలీకి జరిగింది హోమ్స్‌కూ జరిగింది. కథ అక్కడితో అయిపోలేదు. 1992లో 42 ఏళ్ల హోమ్స్, అప్పటిదాకా ఓటమి ఎరుగని 30 ఏళ్ల రే మెర్సర్‌ను పాయింట్లతో ఓడించాడు.

మెరుగుపడ్డా చాలలేదు

కుర్రాడు నిజంగానే మెరుగుపడితే? దానికి తాజా సాక్ష్యం డేనియల్ డుబోయ్. 2023 ఆగస్టులో ఒలెక్సాండర్ ఉసిక్ చేతిలో తొమ్మిదో రౌండ్లో ఓడాడు. ఆ ఓటమి తర్వాత రాటుదేలాడు. 2024 సెప్టెంబర్‌లో వెంబ్లీలో ఆంథొనీ జాషువాను అయిదో రౌండ్లో మట్టి కరిపించాడు. 2025 జులై 19న మళ్లీ ఉసిక్‌కు ఎదురు నిలిచాడు. డుబోయ్‌కు 27, ఉసిక్‌కు 38. ఈసారి కుర్రాడే గెలుస్తాడన్నవాళ్లు తక్కువేమీ కాదు. తొమ్మిది రౌండ్ల పని ఈసారి అయిదు రౌండ్లలోనే ముగిసింది, గెలిచింది ఉసిక్కే. కుర్రాడు ఎదిగాడు, నిజమే. పెద్దాయన కూడా ఖాళీగా కూర్చోలేదు!

మన నిజామాబాద్ అమ్మాయి

ఈ ప్రశ్న మన గడప తొక్కింది 2019లో. బరువు హెవీవెయిట్ కాదు, 51 కిలోలు. బరిలో మాత్రం సరిగ్గా అదే జోడీ. ఒకవైపు ఆరుసార్లు ప్రపంచ విజేత, 2012 ఒలింపిక్ కాంస్య విజేత మేరీ కోమ్. వయసు 37. ఇంకోవైపు 23 ఏళ్ల నిఖత్ జరీన్. ఒలింపిక్ అర్హత పోటీలకు ఎవరిని పంపాలన్నది తగవు. పేరు చూసి కాదు, పోటీ పెట్టి పంపండని నిఖత్ నాటి కేంద్ర క్రీడామంత్రి కిరణ్ రిజిజుకు లేఖ రాసింది. దేశమంతా రెండు పక్షాలైంది.

డిసెంబర్ 28న ఢిల్లీలో సెలెక్షన్ పోటీ జరిగింది. నిఖత్ ముందుకు దూసుకొస్తే మేరీ ఒక అడుగు వెనక్కి వేసి, ఎదురు దెబ్బ కొట్టి, దొరక్కుండా జారుకుంది. అనుభవం అంటే అదీ! ఫలితం 9–1, గెలుపు మేరీది. ముగిశాక చేతులు కలుపుకోకపోవడం కూడా మర్నాటి పేపర్లకెక్కింది.

చిన్న బరువుల్లో 37 ఏళ్లకు గెలవడం హెవీవెయిట్‌లో గెలవడం కంటే కష్టం. బలమైన దెబ్బ ఒక్కటి తగిలితే చాలు, పెద్ద బరువులో పెద్ద వయసు గట్టెక్కుతుంది. 51 కిలోల్లో ఒక్క దెబ్బతో పని జరగదు. రౌండ్ మొత్తం కాలు కదలాలి, చేయి ఆడాలి. మేరీ గెలుపులోని గొప్పతనం అక్కడుంది.

నిఖత్‌కు కష్టాలు కొత్త కాదు. నాన్న జమీల్ అహ్మద్ వెంట మైదానానికి వెళ్లి, బాక్సింగ్‌లో ఆడపిల్లలెందుకు లేరని అడిగి మరీ గ్లౌజులు తొడిగింది. మొదట పాఠాలు చెప్పింది నిజామాబాద్ కోచ్ శంసముద్దీన్. ఆయన కొడుకు హుసాముద్దీన్ కూడా కామన్‌వెల్త్ పతక విజేతే. 2011లోనే టర్కీలో జూనియర్ విభాగంలో ప్రపంచ విజేత అయిన నిఖత్‌ను, 2017లో భుజం గాయం చాలా కాలం రింగుకు దూరం చేసింది. 2019 ఓటమి ఆ తర్వాతి దెబ్బ.

2021లో ఇస్తాంబుల్ పోటీలో ఇద్దరు ప్రపంచ విజేతలను ఓడించింది. 2022 మే 19న అదే ఇస్తాంబుల్‌లో థాయ్‌లాండ్ బాక్సర్ జిట్‌పాంగ్ జుటామస్‌ను 5–0తో ఓడించి ప్రపంచ విజేతగా నిలిచింది. ఆ ఘనత సాధించిన అయిదో భారత మహిళ ఆమె. 2023 మార్చిలో ఢిల్లీలో రెండోసారీ గెలిచింది. ప్రపంచ టైటిల్‌ను ఒకటికి మించి గెలిచిన భారత మహిళల్లో మేరీ తర్వాతి పేరు నిఖత్‌దే. ఇప్పుడామె తెలంగాణ పోలీసు శాఖలో డీఎస్పీ.

ఓడించింది మోకాలు

2022 జూన్‌లో కామన్‌వెల్త్ క్రీడల సెలెక్షన్‌లో మేరీకి ఎదురుగా 21 ఏళ్ల నీతూ ఘంఘాస్ వచ్చింది. తొలి రౌండ్లోనే మేరీ మోకాలు మెలిపడింది, తప్పుకోక తప్పలేదు. నీతూ ఆ ఏడాది కామన్‌వెల్త్ స్వర్ణం, మరుసటి ఏడాది ప్రపంచ స్వర్ణం తెచ్చింది. అంతర్జాతీయ అమెచ్యూర్ పోటీల్లో వయసు పరిమితి 40 ఏళ్లు. అది దాటాక ఎంత పెద్ద చాంపియన్‌కైనా ఆ తలుపు మూసుకున్నట్టే.

పహిల్వాన్ల లెక్క

తాలింఖానాల్లో ఈ ప్రశ్నకు గామా పహిల్వాన్ కథ చెబుతారు. కుర్ర గామా ఎత్తు అయిదడుగుల ఏడంగుళాలు. అప్పటి మేటి పహిల్వాన్ రహీమ్ బక్ష్ దాదాపు ఏడడుగులని చెప్పుకుంటారు. తొలి కుస్తీల్లో ఎవరూ గెలవలేదు. గామా 1910లో లండన్ వెళ్లి పేరు తెచ్చుకుని తిరిగొచ్చాక, అలహాబాద్‌లో రహీమ్‌ను ఓడించాడు. ఓపిక పట్టిన కుర్రాడికి కాలమే సగం పని చేసిపెట్టింది.

ముప్పై ఒక్కేళ్ల తేడా

2024 నవంబర్ 15న టెక్సస్‌లో 58 ఏళ్ల టైసన్, 27 ఏళ్ల జేక్ పాల్ ఎదురుపడ్డారు. మూడు నిమిషాల రౌండ్లను రెండు నిమిషాలకు కుదించారు. అయినా ఎనిమిది రౌండ్ల తర్వాత జడ్జీలంతా పాల్‌నే గెలిపించారు. ఇరవై ఏళ్లకే కిరీటం పెట్టుకున్నవాడికి కాళ్లు ఇక సహకరించలేదు.

ఒక్క చూపులో

• 1892: జాన్ ఎల్. సలివాన్ (33), జిమ్ కార్బెట్ (26). గెలుపు కుర్రాడిది, 21వ రౌండ్లో.
• 1910: ఆరేళ్ల విశ్రాంతి తర్వాత వచ్చిన జిమ్ జెఫ్రీస్ (35), జాక్ జాన్సన్ (32). గెలుపు జాన్సన్‌ది.
• 1919: విల్లర్డ్ (37), డెంప్సీ (24). గెలుపు కుర్రాడిది.
• 1974: అలీ (32), ఫోర్‌మన్ (25). గెలుపు పెద్దవాడిది.
• 1994: ఫోర్‌మన్ (45), మూరర్ (26). గెలుపు పెద్దవాడిది.
• 2017: వ్లాదిమిర్ క్లిచ్‌కో (41), ఆంథొనీ జాషువా (27). 90 వేల మంది ఎదుట ఇద్దరూ ఒకరినొకరు పడగొట్టుకున్నారు. 11వ రౌండ్లో గెలుపు కుర్రాడిది.
• 2025: ఉసిక్ (38), డుబోయ్ (27). గెలుపు పెద్దవాడిది.

మరి తీర్పు?

వయసు అంకె ఒక్కటే చూసి పందెం కాస్తే డబ్బు పోతుంది. ఓడిన పెద్దల్లో చాలామందికి ఉన్న ఉమ్మడి లోపం వయసు కాదు, ఖాళీగా కూర్చున్న కాలం. విల్లర్డ్ మూడేళ్లు, జెఫ్రీస్ ఆరేళ్లు, అలీ రెండేళ్లు, క్లిచ్‌కో ఏడాదిన్నర రింగుకు దూరంగా ఉండి వచ్చారు. గెలిచిన ఉసిక్, మేరీ కోమ్ ఆటలోనే ఉన్నారు. వరుసగా ఆడుతూనే ఓడిన జో లూయీ, ఏడాదికి పైగా ఆడకుండా వచ్చి మూరర్‌ను గెలిచిన ఫోర్‌మన్ దీనికి మినహాయింపులు. బాక్సర్‌కు ముందు పోయేది కాలి చురుకు, తర్వాత కంటి చురుకు, ఆఖరున దెబ్బలో బలం. హెవీవెయిట్‌లో ఆ ఆఖరి బలం ఒక్కటున్నా కుర్రాడు జాగ్రత్తగా ఉండాల్సిందే.

కాబట్టి ఈసారి ఎవరైనా ఈ పందెం కాయమంటే, ఎవరి వయసెంత అని అడక్కండి. పెద్దాయన ఆఖరిసారి రింగెక్కింది ఎప్పుడో అడగండి. ఏడాది దాటిందంటే కుర్రాడి మీదే కాయండి. ఇంకా వరుసగా ఆడుతూనే ఉన్నాడంటే తొందరపడకండి. కుర్రాడు ఈ ఒక్కసారి ఓడాడని అతన్ని కొట్టిపారేయకండి కూడా: 9–1తో ఓడిన నిఖత్, రెండున్నరేళ్లలోపే ప్రపంచ విజేత అయింది.